గోథార్డ్ మీద వాన

పక్కపక్కనే పడిన రెండు చినుకుల్లో ఒకటి ఉత్తర సముద్రానికి, ఇంకొకటి మధ్యధరా సముద్రానికి పోవాలని తీర్మానించేది ఎవరు?

అజ్మాన్ పారిశ్రామికవాడలో వర్క్‌షాపు ఇనుప షట్టరు పైకి తోస్తూ యాసీన్ తనను తాను అడిగిన ప్రశ్న అది. కొంతకాలంగా ఆ ప్రశ్న అతన్ని వదలడం లేదు. చినుకు తీర్మానించదు, దానికి ఊరూ లేదు, ఉద్దేశమూ లేదు. కొండ తీర్మానిస్తుందందామా, కొండ ఎవరినీ రమ్మనదు, ఎవరినీ పొమ్మనదు. ఎవరూ చేయని తీర్మానం ఇంత కచ్చితంగా ఎలా అమలవుతోంది?

గదిలో తోటివాళ్ళు అతన్ని ఫల్సఫీ సాబ్, అంటే తత్త్వవేత్తగారు, అని ఆటపట్టించేవారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. సెలవు రోజు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే అతను తత్త్వశాస్త్ర గ్రంథమేదో పట్టుకుని, ఒక పేజీ చదివి, రెండు పేజీల సేపు పైకప్పును చూస్తూ పడుకునేవాడు. అయితే ఈ ప్రశ్న పుస్తకంలోంచి పుట్టినది కాదు. లోపల పెద్ద బల్ల మీద స్విట్జర్లాండ్ దేశం సిద్ధంగా ఉంది. ఇంకాసేపట్లో దానిమీద వాన కురవబోతోంది.

ఆ దేశం పొడవు అతని రెండు బారలకు కాస్త తక్కువ. గట్టి నురుగు దిమ్మెలను కంప్యూటరుతో నడిచే యంత్రం చెక్కింది. వాటిని అతికి, పుట్టీ పట్టించి, నునుపుగా రుద్ది, రెజిన్ పూత పూసి, రంగులు వేశారు. వేసవిలో అరబ్బు కుటుంబాలను ఆల్ప్స్ కొండలకు తీసుకుపోయే ట్రావెల్ కంపెనీ ఒకటి, దుబాయ్‌లో జరిగే ప్రదర్శనలో తన స్టాలు ముందు పెట్టుకోవడానికి చేయించుకున్న నమూనా అది. వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే. నదుల్లో నిజం నీళ్ళు పారాలి.

నమూనాలు చేసే ఆ వృత్తిలో అది చిన్న షరతు కాదు. అక్కడ నీళ్ళంటే గాజులా గడ్డకట్టే రెజిన్. సముద్రమూ రెజినే, ఈతకొలనూ రెజినే, పడవ వెనక లేచే నురగ కూడా దూదితో చేసి రెజిన్‌లో ముంచినదే. యాసీన్ ఏళ్ళ తరబడి అటువంటి సముద్రాలు ఎన్నో పోశాడు. చూడవచ్చినవాళ్ళు వేలితో నొక్కి, తడి తగలక, అబ్బురపడి నవ్వేవారు. ఆ నవ్వు విన్నప్పుడల్లా అతనికి చిన్న వెలితి కలిగేది. తాను చేసిన నీరు ఏనాడూ ఒక్క అంగుళం కదలలేదు. అతను పుట్టింది ఉదయగిరి మెట్టలో. అక్కడ చూసిన వాగులు కూడా ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే. కదిలే నీరు అతనికి రెండు చోట్లా అందలేదు.

ఈ పనికి వచ్చిన కాగితాల్లో ఒక వాక్యం అతన్ని కుర్చీలోంచి లేపింది. గోథార్డ్ అనే ఒకే కొండల గుంపు నుంచి నాలుగు నదులు నాలుగు దిక్కులకు పోతాయి. తూర్పుకు రైన్, పడమరకు రోన్, ఉత్తరానికి రాయిస్, దక్షిణానికి టిచీనో. రాయిస్ వెళ్ళి ఆరేలోనూ, ఆరే వెళ్ళి రైన్‌లోనూ కలుస్తాయి కాబట్టి ఆ రెంటి నీళ్ళూ ఉత్తర సముద్రానివే. రోన్ జెనీవా సరస్సు దాటి మధ్యధరా సముద్రానికి, టిచీనో ఇటలీలోకి దిగి ఏడ్రియాటిక్ సముద్రానికి పోతాయి. తూర్పు మూలన ఇంకో కొండ నుంచి పుట్టే ఇన్ నది మాత్రం డాన్యూబ్ చెయ్యి పట్టుకుని నల్ల సముద్రం దారి పడుతుంది.

అది చదివిన రోజునే అతను మేనేజరు మురళీ దగ్గరికి వెళ్ళి, ఈ నమూనా తన చేతికి అప్పగించమని అడిగాడు. గోథార్డ్ మీద వాన కురిపిస్తానని, ఆ వాన తనంతట తాను నాలుగుగా చీలి నాలుగు దిక్కులకూ పోతుందని చెప్పాడు. అడిగి తీసుకున్న పని అతని జీవితంలో అదే మొదటిది.

* * *

మురళీ తణుకు మనిషి. చొక్కా మడత నలగకుండా పనివాళ్ళ మధ్య తిరగగల నేర్పు ఉన్నవాడు. అతను వచ్చేసరికి వడ్రంగి భోజన్న బల్ల కింద పడుకుని నీళ్ళ తొట్టికి చివరి మరలు బిగిస్తున్నాడు. భోజన్నది నిర్మల్ దగ్గరి పల్లె. యాసీన్ కంటే పెద్దవాడు, నోరు మూసుకుని పనిచేయడం చేతకానివాడు.

"భోజన్నా, పని ఖలాసేనా?" అన్నాడు మురళీ.

"నాది ఖలాసే సార్," అన్నాడు కింద నుంచి భోజన్న. "ఇగ మీ దేశం మునిగినా తేలినా నాకు సంబంధం లేదు. అగో, ఫల్సఫీ సాబ్ నిలబడ్డడు, ఆయన్ని అడుగుండ్రి."

"ఏమండీ యాసీన్ గారూ, నిద్రపోయారా అసలు?"

"పొణుకున్నా సార్. నిద్రే రాలా," అన్నాడు యాసీన్.

"సాయంత్రం అసర్ నమాజు వేళకి ట్రావెల్ కంపెనీ ముదీర్ గారు, అదే వాళ్ళ డైరెక్టరు, స్వయంగా వస్తానన్నారండి. ఈలోగా ఒకసారి పారించేసి చూసుకుంటే మనకీ ధైర్యం."

గోథార్డ్ నెత్తిన, బల్ల మీదికి వంచిన సన్నటి ఇత్తడి గొట్టం ఉంది. ఎండాకాలంలో దుబాయ్ హోటళ్ళ బయట కుర్చీల మీద మంచులాంటి నీటిపొగ చిమ్ముతూ ఉంటారే, ఆ జల్లుమూతినే అక్కడి నైఫ్ అనే బజారులో కొనుక్కొచ్చి దానికి బిగించారు. కొండ దిగువన నాలుగు లోయలు, ఒక్కొక్క లోయ చివర ఒక సరస్సు, సరస్సు అవతల ఒక నది, నది బల్ల అంచు చేరేచోట ఒక రంధ్రం. రంధ్రంలో పడిన నీరు తొట్టిలోకి పోయి మళ్ళీ కొండెక్కి వానవుతుంది.

"మరి గీ పెద్ద నది పేరేంది భాయ్?" బల్ల కిందనుంచి బయటపడి భోజన్న నడుం పట్టుకుని అడిగాడు.

"అది ఆరే. అదిగో, ఆడ పోయి రైన్‌లో కలుస్తాది. కలిసేకాడ ఆరేలోనే నీళ్ళు జాస్తి. ఆడినుంచి పేరు మాత్రం రైన్‌దే."

"మా ఇంట్ల లెక్కనే. పొలం దున్నింది నేను, పేరు మా బామ్మర్దిది."

రంగులు వేసే బంగ్లాదేశ్ కుర్రాళ్ళు, యంత్రం నడిపేవాళ్ళు అందరూ పనులు వదిలి బల్ల చుట్టూ చేరారు. మొదటి మీట నొక్కేది చివరి మెరుగు పెట్టినవాడేనని ఆ వర్క్‌షాపు ఆచారం. చివరి మెరుగు యాసీన్‌ది. కొండలన్నిటినీ గరుకు కాగితంతో రుద్ది నునుపు తేల్చింది అతనే. బిస్మిల్లా అనుకుని మీట నొక్కాడు.

జల్లుమూతి ఒకసారి దగ్గి, సన్నటి తెల్లని పొగ వదిలింది. కొండ నెత్తిమీది తెల్లరంగు మెల్లగా తడిసి నిగనిగలాడింది. యాసీన్ కళ్ళు పడమటి లోయ నుంచి తూర్పు లోయకు, తూర్పు నుంచి ఉత్తరానికి పరుగులు తీస్తున్నాయి. ఎక్కడ మొదట నీటి దార కనబడుతుందో, ఏ నది ముందు పుడుతుందో అని వెతుకుతున్నాడు.

ఏ నదీ పుట్టలేదు. కొండ నెత్తిన పడిన తడి అక్కడే నిలిచింది. దోసెపెనం మీద చమురులా మెరుస్తూ, పరచుకుంటూ, మందమవుతూ ఒక బిళ్ళ కట్టింది. ఆ బిళ్ళ ఉన్నట్టుండి దక్షిణం వైపు ఒరిగి, మొత్తంగా టిచీనోలోకి దూకింది. ఆ తర్వాత పడిన ప్రతి చుక్కా దాని అడుగుజాడనే పట్టింది. రైన్ ఎండిపోయి ఉంది. రోన్‌లో దుమ్ము. రాయిస్ లోయలో రంగుల కుర్రాడి కుంచె నుంచి రాలిన వెంట్రుక ఒకటి కదలకుండా పడి ఉంది.

"పంపు జోరు చాల్లేదేమోనండి," అన్నాడు మురళీ. "పెంచండి."

పెంచారు. ఈసారి నీరు కొండ నాలుగు ముఖాల మీదుగా, లోయలూ నదులూ చూడకుండా, చిత్తం వచ్చినట్టు జారింది. ఆరే మునిగింది, బెర్న్ నగరం మునిగింది. ఇటలీ వైపున్న మజ్జోరె సరస్సు గట్టు దాటి బల్ల అంచు మీదుగా మురళీ బూట్ల మీద పడింది.

"బందు చేయుండ్రి, బందు చేయుండ్రి," అంటూ భోజన్న మీట కట్టేశాడు. తర్వాత బల్లనంతా తేరిపార చూసి, "మొన్న ఏప్రిల్ వానకు మన రోడ్లు గిట్లనే ఉండె. స్విట్జర్లాండ్‌ను తెచ్చి అజ్మాన్ చేసిన్రు గదా," అన్నాడు.

అందరూ నవ్వారు. మురళీ కూడా బూటు విదిలించుకుంటూ నవ్వాడు. యాసీన్ నవ్వలేదు. ఎండిన రోన్ వైపు చూస్తున్నాడు. పని అడిగి తీసుకున్నప్పుడు చేసిన వాగ్దానం అతని కళ్ళముందే ఒక పక్కకు ఒరిగి ఇటలీలో కలిసిపోయింది.

* * *

మురళీ తొందరపడే మనిషి కాడు. బూట్లు విప్పి మేజోళ్ళు పిండుకుంటూనే ఉపాయం ఆలోచించాడు.

"చూడండి యాసీన్ గారూ. మాది కాలవల దేశం. నీటిని ఎప్పుడూ దాని ఇష్టానికి వదిలెయ్యకూడదండి, తీసుకెళ్ళాలి. లాకుండాలి, తూముండాలి. నాలుగు నదుల మొదట్లో నాలుగు రంధ్రాలు పెట్టేద్దాం. కిందనుంచి ఒక్కోదానికి ఒక్కో సన్న గొట్టం. ఎవరి నీళ్ళు వాళ్ళకి. పైన జల్లు మాత్రం అందం కోసం అలా పడుతూ ఉంటుంది."

"అప్పుడు వాన నీళ్ళు నదిలోకి పోవు గదా సార్."

"పోతున్నట్టే ఉంటుంది కదండీ. చూసేవాళ్ళకి తేడా తెలీదు."

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ వృత్తి అంతా చూసేవాళ్ళకి తేడా తెలియకపోవడం మీదనే నిలిచి ఉంది. యాసీన్ తలూపి, డ్రిల్లు అందుకుని, రోన్ నది పుట్టే మంచుగడ్డ దగ్గరకు వంగాడు. రంధ్రం ఎక్కడ పెట్టాలో చూపు కంటే వేలికి బాగా తెలుస్తుంది. చేతి తొడుగు తీసేసి బొటనవేలు కొండ వెన్ను మీద పెట్టి, రోన్ వైపు నుంచి టిచీనో వైపుకు మెల్లగా నడిపించాడు.

వేలు ఎక్కడా ఆగలేదు.

మళ్ళీ నడిపించాడు. ఈసారి కళ్ళు మూసుకున్నాడు. ఈ స్పర్శ అతనికి తెలుసు. ఈ తీపి వంపు, గోరు తగలని ఈ నునుపు అతని వేళ్ళకు కొత్త కాదు. గోల్ఫ్ మైదానాల గుట్టలకు అతను ఇచ్చిన వంపు ఇదే. సముద్రంలో ఇసుక పోసి కట్టిన దీవుల ఒడ్లకు ఇచ్చినదీ ఇదే. ఎడారి రిసార్టు కోసం చేసిన ఇసుక దిబ్బలకు కూడా ఇదే ఇచ్చాడు. నిజానికి ఇసుక దిబ్బకు కత్తి అంచులాంటి శిఖ ఉంటుంది, గాలి రోజూ దాన్ని పదును పెడుతూనే ఉంటుంది. కానీ అంచు చూస్తే కొనేవాళ్ళకు నచ్చదు. పెద్దమనుషులు వచ్చి అరచేత్తో నిమిరి చూస్తారు. చేతికి ఏదీ గుచ్చుకోకూడదు. అంచు కనబడితే రుద్దడం అతనికి అలవాటై, ఆ అలవాటు చేతికి స్వభావమైంది. ఆల్ప్స్ కొండలు వచ్చినా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

అతను డ్రిల్లు కింద పెట్టాడు. అతని తలలో ఒక ఆలోచన వేగంగా తిరగడం మొదలైంది.

రెండు వాలులు కలిసేచోట ఉండేది గీత. గీతకు వెడల్పు ఉండదు. చినుకు దానిమీద నిలవలేదు కాబట్టే అటో ఇటో పోతుంది. తాను గరుకు కాగితం పట్టుకుని ఆ గీతకు వెడల్పు ఇచ్చాడు. చినుకు నిలవడానికి చోటు ఇచ్చాడు. నిలిచిన చినుకు పక్కన ఇంకొకటి నిలిచింది. అన్నీ చేరి బిళ్ళ కట్టాయి. బిళ్ళకు బరువు వచ్చి వెంట్రుకవాసి పల్లం ఎటు ఉంటే అటు, చుక్కలన్నిటితో సహా, పోయింది.

"భోజన్నా," అన్నాడు. "మిషన్ మొట్టమొదట చెక్కిన ముక్క, తూర్పు మూలది, పారేశారా? యాడుంది?"

"అటక మీద ఉన్నట్టుంది. ఎందుకు భాయ్? గొట్టాలు గుచ్చవా?"

"ముందు ఆ ముక్క దింపు నువ్వు. యల్లా."

యంత్రం పెద్ద పని మొదలుపెట్టే ముందు పరీక్ష కోసం ఒక మూలను చిన్నగా చెక్కి చూస్తారు. ఆ ముక్కకు పుట్టీ లేదు, మెరుగు లేదు, రంగు లేదు. ఇన్ నది పుట్టే లుంగిన్ కొండ అది. భోజన్న నిచ్చెనెక్కి, దుమ్ము ఊదుతూ దాన్ని దింపాడు. యాసీన్ బొటనవేలు దాని వెన్ను మీద పెట్టగానే వేలు ఉలిక్కిపడింది. రంపం పన్నులా సన్నని అంచు. వేలికి అడ్డం తగిలి, అటా ఇటా అని అడిగినట్టుంది.

రంగులవాళ్ళ దగ్గరున్న నీళ్ళ స్ప్రే సీసా లాక్కుని ఆ కొండ మీద ఒక్కసారి చిమ్మాడు.

సన్నటి చుక్కలు అంచు మీద పడ్డాయి. ఏ ఒక్కటీ అక్కడ కూర్చోలేదు. కొన్ని ఇన్ వైపు దొర్లాయి. కొన్ని వెనక్కి తిరిగి, రైన్‌కు పోయే వాగులోకి జారాయి. ఇంకొన్ని దక్షిణాన, ఇటలీ వైపు నిటారు వాలు మీద పరుగెత్తాయి. మూడు సన్నటి దారలు, అన్నీ ఒక్క చిమ్ములోంచి, ఒకేసారి పుట్టాయి. అవి తలలు తిప్పుకుంటూ, దారి వెతుక్కుంటూ, దొరకగానే వేగం పుంజుకుంటూ దిగడం చూస్తూ యాసీన్ వాటితో పాటే కిందికి వంగాడు.

"ఇంకోసారి, ఇంకోసారి కొట్టు," అన్నాడు భోజన్న మోకాళ్ళ మీద కూర్చుంటూ.

ఇంకోసారి చిమ్మాడు. మళ్ళీ మూడు.

"ఇటియ్యి నాకు." భోజన్న సీసా గుంజుకున్నాడు. "గిది ఏ సముద్రం?"

"అది నల్ల సముద్రం. ఇటు పోయేది ఉత్తర సముద్రం. ఆ కింద దూకేది ఏడ్రియాటిక్."

"ఒక్క చుక్కనే ఏస్త. సరిగ్గ అంచు మీద. ఎటు పోతదో చెప్పు, ఛాయ్ పందెం."

"నల్ల సముద్రం."

చుక్క అంచు మీద పడింది. ఒక్క క్షణం వణికి, రెండుగా తెగింది. సగం ఇటు, సగం అటు.

"ఛాయ్ ఇద్దరికీ పాయె," అన్నాడు భోజన్న.

రంగుల కుర్రాళ్ళు తోసుకుంటూ ముందుకొచ్చారు. ఒకడు నీళ్ళలో నీలిరంగు కలిపాడు. ఇంకొకడు నేను ఉత్తర సముద్రం అన్నాడు, మరొకడు నేను ఇటలీ అన్నాడు. యంత్రం నడిపే పంజాబీ ముసలాయన, ఎన్నడూ ఎవరితోనూ మాట కలపనివాడు, వంగి చూసి "మేరా కాలా సమందర్" అని నల్ల సముద్రం వైపు వేలు చూపించాడు. చుక్క పడ్డప్పుడల్లా ఒకటే కేరింత. గెలిచినవాడు ఓడినవాడి వీపు చరుస్తున్నాడు. ఎడారిలో నాలుగు రేకుల మధ్య, అరచేయంత కొండ చుట్టూ, ఎన్నడూ ఆ దేశం చూడనివాళ్ళు దాని వానను పంచుకుంటున్నారు.

మురళీ వట్టి కాళ్ళతో వచ్చి నిలబడ్డాడు. కాసేపు చేతులు కట్టుకుని చూశాడు. తర్వాత చేతులు విప్పి, "ఒకసారి నేను వెయ్యొచ్చాండీ?" అన్నాడు. వేశాడు. చుక్క ఇటలీకి పోయింది. ఇంకొకటి వేశాడు. అదీ ఇటలీకే పోయింది. "ఇదేంటండీ, నా నీళ్ళు పొద్దున్నుంచీ అటే పోతున్నాయి," అని బూట్ల వైపు చూసుకున్నాడు. అందరూ గొల్లుమన్నారు.

* * *

నవ్వు ఆగాక మురళీనే మొదట తేరుకున్నాడు. యాసీన్‌ను పెద్దబల్ల దగ్గరకు తీసుకొచ్చాడు.

"అర్థమైందండి. కొండ వెన్ను పదునుగా ఉండాలి. కానీ అది చిన్న ముక్క, ఒట్టి నురుగు. ఇది రంగు, రెజిన్, పుట్టీ అన్నీ అయిపోయిన పని. పుట్టీ కింద ఎంత లోతున నురుగుందో మీకు తెలుసా?"

"తెలవదు సార్. ఒక్కో కాడ ఒక్కో మాదిరి."

"ఉలి కాస్త లోతుగా దిగిందంటే దేశానికి మధ్యలో గొయ్యి పడుతుంది. నీళ్ళు నురుగులోకి దిగితే ఉబ్బి మొత్తం పోతుంది. ముదీర్ గారొచ్చేసరికి ఆయనకి నెత్తి పగిలిన గోథార్డ్ కనపడుతుంది. గొట్టాలైతే ఆయనొచ్చేలోపు పెట్టేయొచ్చు. హాయిగా నాలుగు నదులూ పారతాయి. ఆయన చూస్తారు, మాషా అల్లా అంటారు, వెళ్ళిపోతారు."

"అంటాడు సార్. తప్పకుండా అంటాడు."

"మరి?"

భోజన్న మధ్యలో కలగజేసుకున్నాడు. "నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటరు గద సార్. గొట్టం పెడితే నీళ్ళకు పల్లం తోటి పనేముంది?"

"నువ్వు సామెతలు చెప్పకు భోజన్నా. ముదీర్ ఎదురుగా నిలబడేది నేను." మురళీ గొంతులో కోపం లేదు, కలత ఉంది. యాసీన్ వైపు తిరిగాడు. "నేనిలా చెయ్యమనీ చెప్పను, వద్దనీ చెప్పను. పని మీరడిగి తీసుకున్నారు. మీరే చెప్పండి. గొట్టాలా, ఉలా?"

అందరూ బల్ల వైపు తిరిగారు. వెనక ఎవడో ఇంకా చుక్కలు వేస్తున్నాడు. తర్వాత అతనూ ఆపేశాడు.

యాసీన్ బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. ఓడిపోవడమంటే ఏమిటో అతనికి స్పష్టంగా కనబడుతోంది. ఉలి జారితే అందరి కష్టం చెడుతుంది. ఇకమీదట ఈ వర్క్‌షాపులో ఎవరూ అతని చేతికి ఒక దేశాన్ని అప్పగించరు. మళ్ళీ రెజిన్ సముద్రాలు పోసుకుంటూ ఉండాలి. ఆ భయం చిన్నది కాదు, అతను దాన్ని చిన్నదని నమ్మించుకోవడానికి ప్రయత్నించలేదు. గొట్టాల దారిలో ఏ భయమూ లేదు. నాలుగు నదులూ పారతాయి. ఎవరూ తప్పు పట్టరు.

కానీ ఆ నాలుగు నదులను అతను ముందే చూడగలుగుతున్నాడు. ప్రతి నీటిబొట్టుకూ పుట్టకముందే ఎటు పోవాలో చెప్పి పంపిన నదులవి. పైన పడే వాన వాటికి ఏమీ కాదు. నీరు కదులుతుంది గానీ, అది కదిలే రెజిన్. ఇందాక అరచేయంత ముక్క మీద మూడు దారలు తలలు తిప్పుకుంటూ దిగినప్పుడు పంజాబీ ముసలాయన ముఖంలో వెలిగిన ఆశ్చర్యం, నీరు ఎటు పోతుందో ఎవరికీ తెలియకపోవడం వల్ల వచ్చింది. తెలియకపోవడానికి చోటు ఉంచేది ఆ సన్నటి అంచే. దాన్ని తుడిచేసింది తన చెయ్యి. దాన్ని తిరిగి ఇవ్వగలిగినదీ, ఇస్తే గిస్తే, ఈ చెయ్యే. చూసేవాళ్ళకు తేడా తెలియదన్నది నిజం. తనకు తెలుసు, ఆ తెలిసిన మాట పక్కన పడుకుని పుస్తకం చదవడం ఇకపై సాధ్యం కాదు.

తల ఎత్తేసరికి అతని ముఖం మీద నవ్వుంది. భయం పోలేదు. దానికి పోవలసిన అవసరం కూడా లేదనిపించింది.

"ఉలే సార్," అన్నాడు.

మురళీ ఒక్క నిట్టూర్పు విడిచి, జేబులోంచి ఫోను తీశాడు. "ముదీర్ గారికి ఫోన్ చేసి, కొండల్లో పని జరుగుతోంది, వచ్చి చూడండని చెప్తానండి. నిజమే కదా. దాచేదేముంది." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "జారనివ్వకండి, యాసీన్ గారూ."

"భోజన్నా, నీ పెట్టెలో సన్నటి ఉలి ఉంటాదే, తలుపుల మీద పూలు చెక్కేది, అది తే. ఆకురాయి కూడా. గొట్టాలు మళ్ళీ పెట్టెలో సర్దేయండబ్బా."

"నా ఉలి ఎవ్వరికియ్య నేను," అంటూనే భోజన్న పెట్టె తెరిచి, ఉలి పదును గోటి మీద చూసి, పిడి ముందుగా అందించాడు. "చెయ్యి పట్టుకుంటనా?"

"నా చెయ్యి గాదు, దీపం పట్టుకో. పక్కనుంచి. నీడ పడితే గీత కనపడతాది."

దీపం పక్కనుంచి పడింది. నున్నటి తెల్లటి కొండ మీద, ఎక్కడో పొరల కింద, వెలుగు సగమూ నీడ సగమూ విడిపోయే చోటు సన్నగా తేలింది. యాసీన్ మోచేయి బల్లకు ఆనించి, మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని, ఉలి అంచును టిచీనో పక్కన తెల్లరంగులోకి దించాడు. రంగు చిట్లింది, దాని కింద పుట్టీ పొడిగా రాలింది. వాలును పైకి చెక్కుతూ, గీత దాకా వచ్చి ఆగి, ఉలి తిప్పి, రోన్ వైపు నుంచి రెండో వాలు మొదలుపెట్టాడు.